ఉప్పునీటి అక్వేరియం చేపలకు జబ్బు చేస్తే: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, అమలాపురం, నరసాపురం, భీమవరం... ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్న ఇళ్లు ఇక్కడ తక్కువే. కానీ చేపకు జబ్బు చేసినప్పుడు వచ్చే సందేహాలు మాత్రం తిరిగి తిరిగి అవే. మన దగ్గర ఒక ప్రత్యేకత కూడా ఉంది. ట్యాంకు పెట్టినవాళ్లలో చాలామందికి సొంతదో, చుట్టాలదో రొయ్యల చెరువు తెలిసే ఉంటుంది. సెలైనిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో) చూడటం, అమ్మోనియా పరీక్షించడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, అది కలిసొచ్చే విషయం. అనుమానం తగలగానే షాపుకెళ్లి ఏదో ఒక డబ్బా తెచ్చి చల్లేయడం కూడా చెరువు గట్టు మీద వచ్చిన అలవాటే, చేపల్ని ముంచేది అదే. ఏ జబ్బో తేలకుండా మందు జోలికి వెళ్లొద్దని ఈ జవాబులన్నింటిలోనూ పోరుతూనే ఉంటాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చేప ఇంటికి వచ్చే ముందు, వచ్చిన రోజు

షాపులో చలాకీగా ఉన్న చేపే కదండీ, నేరుగా ట్యాంకులో వదిలేస్తే ఏం?

షాపు ట్యాంకుల్లో తక్కువ మోతాదులో రాగి మందు ఉండొచ్చు, లేదా సెలైనిటీ తగ్గించి ఉంచొచ్చు. రెండూ రోగాన్ని కొంత అణచి ఉంచుతాయి, చంపవు. మీ ఇంట్లో మామూలు నీళ్లలోకి వచ్చిన వారం పది రోజులకు అది బయటపడుతుంది. అప్పటికి పాత చేపలకు కూడా అంటేసి ఉంటుంది. అందుకే కొత్త చేపను 4 వారాలు విడిగా ఉంచాలి. 60 నుంచి 80 లీటర్ల గాజు తొట్టి, అడుగున ఇసుక లేకుండా, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, ఒక స్పాంజి ఫిల్టరు, మూత ఉంటే చాలు. ఆ స్పాంజిని మూడు నాలుగు వారాల ముందే పెద్ద ట్యాంకులో పడేసి ఉంచితే అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియా పట్టుకుంటుంది. కొత్త స్పాంజితో మొదలుపెడితే వారం తిరక్కుండానే అమ్మోనియాతో తలనొప్పి.

కవరు విప్పి గంటసేపు చుక్కచుక్కగా నీళ్లు కలిపాను, అయినా చచ్చిపోయింది. ఎందుకు?

చెన్నై నుంచో ముంబై నుంచో ఒక రోజంతా ప్రయాణం చేసిన కవరు నీళ్లలో అమ్మోనియా పేరుకుంటుంది. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ నీళ్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది కాబట్టి అమ్మోనియా విషం పెద్దగా పని చేయదు. కవరు విప్పగానే ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. ఆ నీళ్లలో గంటసేపు ఉంచడమంటే చేపను విషంలో నానబెట్టడమే. కవరును ముడి విప్పకుండా 20 నిమిషాలు తేలనిచ్చి వేడి సమానం చేయండి. విప్పాక కవరు నీళ్ల సెలైనిటీ చూసి, విడి తొట్టిని ముందే ఆ అంకెకు తెచ్చి ఉంచితే చేపను వెంటనే మార్చేయొచ్చు. ఎంత సెలైనిటీలో పంపుతున్నారో ముందుగా అమ్మినవాళ్లనే అడగండి. కవరు నీళ్లు మాత్రం పారబోయండి.

అంతర్వేదిలో సముద్రం నీళ్లు ఊరికే దొరుకుతుంటే ఉప్పు ప్యాకెట్టు ఎందుకు కొనాలి?

అంతర్వేది దగ్గర ఉన్నది గోదావరి కలిసే చోటు. వరదల రోజుల్లో అక్కడి సెలైనిటీ బాగా పడిపోతుంది, బురద సరేసరి. కాలువలు, పాయల నీళ్లలోనైతే చెరువుల నుంచి వదిలిన మురుగు కూడా ఉంటుంది. రొయ్యపిల్లల హేచరీలవాళ్లు కూడా సముద్రం నీళ్లను వడగట్టి, క్లోరిన్ పెట్టి, దాన్ని విరగ్గొట్టాకే వాడతారు. మీరూ తెచ్చుకుంటే అదే పద్ధతి: తేర్చి, క్లోరిన్ వేసి ఒక రోజు గాలి కొట్టి, సోడియం థయోసల్ఫేట్‌తో విరిచి, క్లోరిన్ సున్నా అని కిట్టుతో చూసుకున్నాకే చేపలకు పోయాలి. కాళ్లు ఆనే తీరంలో కాకుండా పడవవాళ్లతో లోపలి నుంచి తెప్పించుకోగలిగితే మేలు.

రాళ్లుప్పు కలిపి సరిపెడదామనుకునేవాళ్లూ ఉన్నారు. దాంట్లో దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు చేపకు కావలసిన మెగ్నీషియం, కాల్షియం అందులో చాలవు.

ఇరవై లీటర్ల క్యాను నీళ్లతో ఉప్పు కలపొచ్చా?

నీళ్లలో కరిగి ఉన్న లవణాల్ని చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. సున్నాకు దగ్గరగా ఉంటే కలపొచ్చు, యాభై పైన చూపిస్తే ఇంట్లోనే మంచి ఆర్వో పెట్టుకోవడం మేలు. బోరు నీళ్లు మాత్రం వద్దు. డెల్టా బోర్లలో ఇనుము, ఉప్పు రెండూ ఎక్కువ.

కోరింగ వైపు వలలో పడ్డ చిన్న చేపల్ని తెచ్చి పెంచొచ్చా?

కోరింగ అభయారణ్యం, అందులో ఏదీ పట్టకూడదు. బయట జాలర్ల దగ్గర దొరికే స్కాట్, మోనో అనే చేపల పిల్లలు గట్టివే, కానీ మొప్పల్లో పురుగుల్ని మోసుకొస్తాయి, విడిగా ఉంచకుండా కలపొద్దు. స్కాట్ వీపు ముళ్లు గుచ్చుకుంటే విపరీతమైన పోటు, చేత్తో పట్టకండి. సముద్రపు గుర్రం వలలో పడితే ఎంత ముచ్చటగా ఉన్నా తీసుకోకండి. సముద్రంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలతో పాటు దానికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కొనడం, ఉంచుకోవడం నేరం.

## ఏదో తేడాగా ఉంది

చేప మేత ముట్టట్లేదు, మూలన నక్కింది. ముందు ఏం చేయాలి?

మందు కొనకండి. నీళ్లు పరీక్షించండి. సెలైనిటీ 35 పీపీటీ (వెయ్యి భాగాల నీళ్లలో 35 భాగాల ఉప్పు) దరిదాపుల్లో, పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. చెరువులకు వాడే అమ్మోనియా కిట్టు ఉప్పునీళ్లలోనూ పని చేస్తుంది, అదే వాడుకోవచ్చు.

ఒక గుర్తు బాగా పనికొస్తుంది. చేపలన్నీ ఒకేసారి, గంటల్లోనే డీలా పడితే తప్పు నీళ్లలో ఉంది. ఈరోజు ఒకటి, రెండు రోజులకు ఇంకొకటి, తర్వాత మరొకటి అయితే అది అంటురోగం. నీళ్లలో తేడా ఉంటే మూడో వంతు మార్చండి. కొత్త నీళ్ల వేడి, సెలైనిటీ పాతవాటితో సరిపోవాలి.

పొద్దున్నే చేపలన్నీ పైకొచ్చి గుటకలు మింగుతున్నాయి. రోగమేనా?

మే నెలలో, కరెంటు పోయిన రాత్రి తర్వాత అయితే ప్రాణవాయువు లోటే అనుకోండి. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు 7.5 మి.గ్రా. దాకా ఆక్సిజన్ పట్టుకుంటే సముద్రపు నీళ్లు 6.2 మి.గ్రా. దగ్గరే ఆగిపోతాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఇక్కడ తప్పనిసరి వస్తువు. ఎయిర్ స్టోన్ వేశాక గంటలో అన్నీ కుదుటపడితే అదే కారణం. గాలి ఉన్నా ఒకటి రెండు చేపలు మాత్రం నీళ్లను కదిపే వేవ్ పంపు ధారకు ఎదురుగా నిలబడి మొప్పలు టపటపా కొట్టుకుంటుంటే మొప్పల్లో పురుగు చేరిందని అనుమానించాలి. చేప ఆరోగ్యంగా ఉన్నప్పుడే నిమిషానికి మొప్పలు ఎన్నిసార్లు ఆడుతున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. జబ్బు రోజున పోల్చుకోవడానికి అదే ఆధారం.

అమ్మోనియా ఎక్కువుంది, చెరువుల్లో చల్లే జియోలైట్ ఖనిజం వేస్తే పోతుంది కదా?

ఉప్పునీళ్లలో పోదు. నీళ్లలోని సోడియమే జియోలైట్ రంధ్రాల్లోకి ముందు చేరి అమ్మోనియాకు చోటు లేకుండా చేస్తుంది. నీళ్లు మార్చండి, మేత తగ్గించండి.

రాళ్లకేసి ఒళ్లు రాసుకుంటోంది. పురుగేనా?

రోజుకు ఒకసారి అయితే పట్టించుకోకండి. గంటలో పదిసార్లు అయితే ఒంటి మీదో మొప్పల్లోనో ఏదో ఉంది. తెల్లచుక్క రోగం కావచ్చు, చదునుపురుగు (ఫ్లూక్) కావచ్చు. కంటికేమీ కనిపించకుండా, ఒక కన్ను మసకబారి, ఆవలిస్తున్నట్టు నోరు తెరుస్తుంటే చదునుపురుగుల వైపే మొగ్గు.

## ఏ జబ్బో తేల్చుకోవడం

వైట్ స్పాట్ అన్నారు, గుండె ఆగింది. రొయ్యలకొచ్చే వైట్ స్పాటేనా ఇది?

కాదు. చెరువులు ఖాళీ చేయించే వైట్ స్పాట్ ఒక వైరస్, అది రొయ్యలు, పీతల జాతికి వస్తుంది, చేపకు రాదు. చేపల ఒంటి మీద తెల్లచుక్కలు తెచ్చేది క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. దీనికి మందుంది. కానీ మీ ట్యాంకులో క్లీనర్ రొయ్యలుంటే ఒక జాగ్రత్త: రోగమొచ్చి హడావిడిగా పట్టేసిన చెరువు వనామి రొయ్యను పచ్చిగా మేత వేయకండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా ఆ వైరస్ చావదు.

తెల్లచుక్కలు నాలుగు రోజుల్లో వాటంతట అవే పోయాయి. తగ్గినట్టేనా?

అందరూ మోసపోయేది ఇక్కడే. చుక్క అంటే చేప చర్మం కింద తింటూ పెరుగుతున్న పురుగు. మూడు నుంచి ఏడు రోజులు తిని, కడుపు నిండాక చేపను వదిలి ఇసుక మీదో రాయి మీదో గుడ్డులాంటి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకు లోపల వందల్లో పిల్లలవుతాయి. కొన్ని పెంకులు వారంలోపే పగులుతాయి, కొన్ని వారాల తరబడి అలాగే ఉంటాయి. బయటికొచ్చిన పిల్ల పురుగు ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తుంది.

మీరు చుక్కలు పోయాయని సంబరపడే రోజుల్లో జరుగుతున్నది ఈ పెంకుల పనే. పదీ పదిహేను రోజులకు రెండో విడత వస్తుంది, ఈసారి చుక్కలు లెక్కపెట్టలేనన్ని. ఆ మధ్యలో ఏ మందు వేసినా అది పని చేసినట్టే కనిపిస్తుంది. వెల్లుల్లి రసం, పసుపు, పగడాలకు హాని చేయవంటూ అమ్మే ‘రీఫ్ సేఫ్’ సీసాల పేరు ప్రతిష్ఠలన్నీ ఈ విరామం పుణ్యమే. పెంకులోనూ, చర్మం కిందా ఉన్న పురుగు మీద మందు పని చేయదు. నీళ్లలో ఈదుతున్న పిల్ల పురుగునే చంపగలం. చికిత్స వారాల తరబడి సాగేది అందుకే.

చుక్కలు ఉప్పు రవ్వల్లా లేవు, సన్నటి దుమ్ములా ఉన్నాయి. ఊపిరి బాగా వేగంగా ఉంది.

ఇది వెల్వెట్ కావచ్చు, అంటే అమైలూడీనియం అనే ఏకకణ జీవి తెచ్చే రోగం. గది లైట్లు ఆపి, పక్క నుంచి టార్చి వేసి చూడండి, ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు మెరుస్తుంది. వెలుతురంటే భయం, మేత మానేయడం, పంపు ధారలో నిలబడటం దీని లక్షణాలు. ఇది ముందు మొప్పల్ని తింటుంది కాబట్టి పొడి కంటికి కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది. తెల్లచుక్క వారాల వ్యవధి ఇస్తుంది, వెల్వెట్ రెండు మూడు రోజుల్లో ట్యాంకు ఊడ్చేస్తుంది. అనుమానం ఉంటే రేపటిదాకా ఆగొద్దు. అదే రోజు చేపల్ని విడి తొట్టిలో రాగి మందులోకి మార్చండి. సెలైనిటీ తగ్గించడం దీని మీద పని చేయదు.

క్లౌన్ చేప ఒంటి మీద తెల్లటి బంక పొరలు పొరలుగా ఊడుతోంది.

బ్రూక్లినెల్లా, ఇదీ ఏకకణ జీవే. సముద్రంలో పట్టి తెచ్చిన క్లౌన్ చేపల్లో తరచుగా వస్తుంది. హేచరీలో పుట్టిన పిల్లల్ని కొంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది, మన దేశంలోనే వాటిని పుట్టిస్తున్నారు. దీనికి రాగి పని చేయదు, ఫార్మలిన్ స్నానమే దారి.

గ్రీన్ క్రోమిస్ చేప ఒంటి పక్కన ఎర్రటి పుండు పడింది, మర్నాటికి చచ్చింది.

యూరోనెమా అనే ఏకకణ జీవి అయ్యుండొచ్చు. కండ లోపలికి దిగాక బతికించడం అరుదు. మిగిలిన క్రోమిస్‌లను విడదీయండి.

కన్ను ఉబ్బింది. గుడ్డిదవుతుందా?

ఒక కన్నే ఉబ్బితే ఎక్కువగా దెబ్బ తగలడమే కారణం. శుభ్రమైన ఉప్పునీళ్లు, మంచి మేత ఉంటే వారాల్లో తగ్గుతుంది. రెండు కళ్లూ ఉబ్బితే లోపల బ్యాక్టీరియా ఉందని అనుమానించాలి.

రెక్క చివర కాలీఫ్లవర్ ముక్కలా తెల్ల ముద్ద పెరుగుతోంది.

లింఫోసిస్టిస్, వైరస్. మందు లేదు, అక్కర కూడా లేదు. చేప తింటూ తిరుగుతుంటే దానంతట అదే ఊడిపోతుంది. కత్తిరించకండి.

రొయ్యల ల్యాబ్‌లో చూపిస్తే చేప జబ్బు తెలుస్తుందా?

తెలుస్తుంది. ఈ విషయంలో హైదరాబాదు వాళ్లకన్నా మనమే అదృష్టవంతులం. భీమవరం చుట్టుపక్కల మైక్రోస్కోపు ఉన్న ఆక్వా ల్యాబ్ ఊరూరా ఉంది. రోజూ రొయ్య మొప్ప చూసే మనిషికి చేప మొప్ప చూడటం కష్టం కాదు, ఏం వెతకాలో మీరు చెప్పాలంతే.

ప్రాణంతో ఉన్న చేపనైనా, అప్పుడే చచ్చినదాన్నైనా తీసుకెళ్లండి. చచ్చి గంటలు గడిస్తే పురుగులు చేపను వదిలేస్తాయి. ఐసులో పెట్టొద్దు, ట్యాంకు నీళ్లలోనే తీసుకెళ్లండి, ఒక సీసాలో అవే నీళ్లు విడిగా పట్టుకెళ్లండి. స్లైడు మీద వేయాల్సింది ఆ నీళ్లే. కుళాయి నీళ్లు వేస్తే పురుగులు పగిలిపోయి ఏమీ కనిపించవు. చర్మం మీద మొద్దు అంచుతో మెల్లగా గీరిన బంక, మొప్ప చివరి నుంచి చిన్న తునక సరిపోతాయి. గుండ్రంగా పెద్దగా ఉండి, ఒంటి నిండా వెంట్రుకల్లాంటి నూగుతో మెల్లగా దొర్లుతుంటే క్రిప్టోకేరియాన్. కదలకుండా అతుక్కున్న నల్లటి బేరిపండు ఆకారం వెల్వెట్. చిక్కుడు గింజ ఆకారంలో జారుతూ తిరిగేది బ్రూక్లినెల్లా. కొక్కేలున్న పురుగు సాగుతూ ముడుచుకుంటుంటే చదునుపురుగు. ఫోనుతో వీడియో తీయించుకోండి.

## మందు వేసేటప్పుడు

మైలుతుత్తం ఇంట్లోనే ఉంది. చిటికెడు వేయొచ్చా?

వద్దు. లెక్క చూడండి: మైలుతుత్తంలో రాగి నాలుగో వంతు. నీళ్లలో రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మి.గ్రా. మధ్య ఉండాలి. 100 లీటర్ల తొట్టికి పై హద్దు లెక్కన 80 మి.గ్రా. మైలుతుత్తం అవుతుంది. చిటికెడు దానికి కొన్ని రెట్లు. తగ్గితే పురుగు చావదు, పెరిగితే చేప చస్తుంది, మధ్యలో ఉన్న సందు చాలా ఇరుకు. పైగా పొలాలకు అమ్మే సరుకులో ఇంకేం కలిసిందో చెప్పలేం.

అక్వేరియం కోసం చేసిన కీలేటెడ్ రాగి మందు (రాగిని ఇంకో పదార్థంతో కట్టి ఉంచినది) కొంచెం సురక్షితం. అది సాధారణంగా లీటరుకు 2 నుంచి 2.5 మి.గ్రా. దగ్గర పని చేస్తుంది. రెండింటి అంకెలూ వేరు, ఒకదాని డోసు ఇంకొకదానికి వాడితే ప్రమాదం. సీసా మీద రాసినదే ప్రమాణం. దానికి సరిపడే టెస్ట్ కిట్టు లేకుండా రాగి మొదలుపెట్టొద్దు. రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచి, 30 రోజులు ఆ స్థాయి పడిపోకుండా చూడాలి. ఒక్కరోజు పడిపోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అమ్మోనియాను విరిచే మందుల్ని రాగితో కలపొద్దు, కొన్నింటితో రాగి మరింత విషమవుతుంది. మరగుజ్జు ఏంజెల్, మాండరిన్, పఫర్, లయన్ చేపలు రాగికి తట్టుకోలేవు.

చేపల్ని పట్టడం కష్టం, రాగి మెయిన్ ట్యాంకులోనే వేస్తే?

రొయ్యలు, నత్తలు, పగడాలు, అనిమోన్ అన్నీ చస్తాయి. రాళ్లూ ఇసుకా రాగిని పీల్చుకోవడంతో డోసు నిలవదు. రాళ్లు ఎత్తేసి చేపల్ని పట్టడానికి ఒక ఆదివారం పోతుంది, అంతే.

మందు లేకుండా సెలైనిటీ తగ్గించి నయం చేయొచ్చంటారు?

తెల్లచుక్కకు చాలావరకు పని చేస్తుంది, విడి తొట్టిలో మాత్రమే. రెండు రోజుల్లో 1.009 సాంద్రతకు, అంటే సుమారు 12 పీపీటీకి దించి, చివరి చుక్క పోయాక ఇంకో 4 వారాలు ఉంచాలి. 1.012 దగ్గర ఆగితే ఉపయోగం లేదు. సెలైనిటీ కొలిచే రిఫ్రాక్టోమీటరును సరిచూసుకోకుండా మొదలుపెట్టొద్దు. పీహెచ్ పడిపోతుంటుంది, కొద్దిగా వంట సోడాతో నిలబెట్టండి. తిరిగి పెంచేటప్పుడు వారం పట్టినా ఫరవాలేదు. తక్కువ ఉప్పును తట్టుకునే క్రిప్టోకేరియాన్ రకాలూ ఉన్నాయి, మూడు వారాలకూ చుక్కలు వస్తుంటే రాగికి మారండి.

మంచినీళ్లలో ముంచితే చేప చావదా?

5 నిమిషాలకు చావదు. క్లోరిన్ లేని ఆర్వో నీళ్లు, ట్యాంకు వేడి, ట్యాంకు పీహెచ్, గాలి ఉండాలి. చేప ఒక పక్కకు ఒరిగిపోయి లేవకపోతే వెంటనే తీసేయండి. ఒంటి మీది చదునుపురుగులు తెల్లబడి గిన్నె అడుగున పొలుసుల్లా రాలుతాయి, నల్ల గిన్నె వాడితే బాగా కనిపిస్తాయి. వెల్వెట్‌కు ఇది ఊరటే తప్ప వైద్యం కాదు. తెల్లచుక్క పురుగు చర్మం కింద ఉంటుంది కాబట్టి దానికి లాభం లేదు.

ఫార్మలిన్ ఆక్వా షాపులో దొరుకుతుంది. ఎంత, ఎలా?

బకెట్లో 10 లీటర్ల ట్యాంకు నీళ్లకు 1.5 మి.లీ. మించకుండా, 30 నుంచి 45 నిమిషాలు, గట్టిగా గాలి కొడుతూ, చేప పక్కనే కూర్చుని. ఫార్మలిన్ నీళ్లలో ఆక్సిజన్ తగ్గిస్తుంది, మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు, పొద్దున్నే చేయండి. డబ్బా అడుగున తెల్లటి ముద్ద పేరుకుని ఉంటే అది చేపకు మరింత విషం, వాడొద్దు. మనకూ మంచిది కాదు, క్యాన్సర్ కారకం. చేతికి గ్లవుజులు, ఆరుబయట పని, పిల్లలకు దూరం.

చదునుపురుగులకు కుక్కల నులిపురుగు బిళ్ల వాడొచ్చా?

అందులో చదునుపురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్‌తో పాటు ఇంకో రెండు మందులు కలిసి ఉంటాయి, వద్దు. ఒక్క ప్రాజిక్వాంటెలే ఉన్నది తీసుకుని లీటరుకు 2 నుంచి 2.5 మి.గ్రా. వేయండి. నీళ్లలో తేలిగ్గా కరగదు, ముందు కొద్ది నీళ్లలో బాగా గిలక్కొట్టాలి. గుడ్ల మీద పని చేయదు కాబట్టి 5 నుంచి 7 రోజులకు రెండో డోసు తప్పదు.

యాంటీబయాటిక్ కొంచెం మేతలో కలిపితే ముందు జాగ్రత్త కదా?

పురుగు రోగాలకు యాంటీబయాటిక్ దండగ, స్పాంజిలో ఉన్న మంచి బ్యాక్టీరియాను కూడా చంపొచ్చు. పుండు, రెక్కలు కుళ్లడం లాంటివి ఉన్నప్పుడే, పశువైద్యుడినో చేపల ఆరోగ్యం తెలిసిన నిపుణుడినో అడిగి వాడాలి. చెరువుల్లో నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు ఎవరైనా చాటుగా ఇచ్చినా ఇంట్లోకి తేవద్దు.

## మందు తర్వాత

చేపలన్నీ విడి తొట్టిలో ఉన్నాయి. మెయిన్ ట్యాంకు ఎన్నాళ్లు ఖాళీగా ఉంచాలి?

తెల్లచుక్కకు 76 రోజులు అన్నది ఎక్కువమంది పాటించే లెక్క. పెంకులు 72 రోజుల దాకా నిలిచిన దాఖలా ఉంది కాబట్టి. వెచ్చటి నీళ్లలో పెంకులు త్వరగా పగులుతాయి, 6 వారాలకే చేపల్ని వదిలేసేవాళ్లూ ఉన్నారు, చేపలు ఖరీదైనవైతే ఆ తొందర వద్దంటాను. వెల్వెట్‌కు 6 వారాలు. పగడాలు, రొయ్యలు అందులోనే ఉండొచ్చు, ఒక్క చేప కూడా ఉండకూడదు. రెండు ట్యాంకులకూ వల, గొట్టం, బకెట్ వేర్వేరు. తడి చెయ్యి ఒకదాంట్లోంచి తీసి ఇంకొకదాంట్లో పెడితే లెక్కంతా పోతుంది.

తుపాను, రెండ్రోజులుగా కరెంటు లేదు, చేపలు మందులో ఉన్నాయి.

మేత పూర్తిగా ఆపేయండి, పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఫరవాలేదు. బ్యాటరీ పంపు ముందు విడి తొట్టికే పెట్టండి. అమ్మోనియా చూసి నీళ్లు మార్చాల్సి వస్తే, కొత్త నీళ్లలో కూడా అదే రాగి స్థాయి కలిపి పోయండి. ఉప్పు కలిపిన నీళ్లు ఒక డ్రమ్ము అక్టోబరు, నవంబరుల్లో ముందే సిద్ధంగా ఉంచుకోవడం మేలు.

మందు నీళ్లూ, చచ్చిన చేపా పక్క కాలువలో పారేయొచ్చా?

వద్దు. ఆ కాలువ ఎవరో ఒకరి చెరువుకు వెళ్తుంది. రాగి రొయ్యలకు విషం. ఎక్కడి నుంచో దిగుమతైన చేప మీది క్రిప్టోకేరియాన్ పండుగప్పకు కూడా పడుతుంది. మందు కలపని రోగపు నీళ్లయితే బ్లీచింగ్ కలిపి ఒక రోజు ఉంచి, ఇంటి మురుగు గుంటలో పోయండి. రాగి, ఫార్మలిన్ నీళ్లలో బ్లీచింగ్ కలపకుండా అలాగే ఆ గుంటలోకి పంపండి, చెట్ల మొదట్లో వద్దు, ఉప్పుకు కొబ్బరి తట్టుకున్నా మల్లె తట్టుకోదు. చచ్చిన చేపను సున్నం చల్లి లోతుగా పాతేయండి, పిల్లులు తవ్వకుండా పైన రాయి పెట్టండి.